గురువారం కొట్టు సెలవు

అక్కకు, నేను క్షేమం. నువ్వెలా ఉన్నావని అడగడానికి మాత్రం మొహం చెల్లడం లేదు.

లాండ్రీ పనిలో పడి ఫోన్ చూసుకోలేకపోతున్నానని, ఎవరేం రాసినా దానంతటదే జవాబిచ్చే ఏర్పాటు పోయిన నెల పెట్టించాను. మనిషిని పెట్టుకున్నంత సుఖమని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఇవాళ ఒకావిడ తన రగ్గు ఏదని నిలదీస్తే, పాత మెసేజ్‌లు వెతుకుతూ పది రోజుల కిందటి నీది చూశాను.

"గురువారం నా కంటికి ఆపరేషన్‌రా. నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది, వస్తావా?" అని రాశావు.

"గురువారం మాకు సెలవు. మిగతా రోజుల్లో మీ సేవకు సిద్ధం" అంది నా ఫోన్.

"సరేలేరా, పనిలో ఉన్నట్టున్నావు" అన్నావు. దానికీ ధన్యవాదాలు చెప్పి, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగింది. ఆ గురువారం నేను ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకున్నాను అక్కా.

కట్టు విప్పారా? కంట్లో చుక్కలు ఎవరు వేస్తున్నారు? కన్ను నలపకు, కుట్టుమిషన్ జోలికి పోకు. ఈ కార్డు బావగారి చేత చదివించుకో. మధ్యలో ఆపి ఆయన నన్ను తిడితే అడ్డుపడకు. వచ్చే గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను. రావద్దనాలంటే ఫోన్ చేసి చెప్పు, రాయకు. బావగారికి నమస్కారాలు.

ఐదు నక్షత్రాల కంటే తక్కువ ఇచ్చినవాళ్ల పేర్లే నాకు చూపించమని ఆ ఫోన్‌కి మొదట్లోనే చెప్పి పెట్టాను. నువ్వు ఐదూ ఇచ్చావు.

నీ తమ్ముడు