పదకొండు వాకిళ్ళు

9 జూన్ 1997

డ్రాయింగ్ క్లాసులో మునిరత్నం సార్ కొత్త ప్రాజెక్ట్ ఇచ్చినాడు. మనకు తెలీకుండా మనల్ని గమనించేవాళ్ళ గురించి ఏదన్నా చెయ్యమన్నాడు. క్లాసంతా అప్పుడే కళ్ళు, కెమెరాలు గీస్తా ఉండారు. బోర్.

11 జూన్, పొద్దున ఆరు

దొరికింది! తొండియార్‌పేటలో మా వీధికి పదకొండు ఇండ్లు. ముగ్గు చూస్తే పెట్టింది ఎవురో చెప్పేస్తా. ఎదురింటి కోకిలక్క గీత సన్నం. చివరింట్లో ఉండే ఆమె అత్త మంగమ్మది లావు, వంకర. మా వాకిట్లో పెట్టేది నేనే. మిద్ది మీద నిలబడి గ్రాఫ్ షీట్లో ఎక్కిస్తా ఉండా. ఒక్కో ఆడమనిషికి ఒక్కో రంగు. పెట్టని రోజు ఖాళీ గడి.

30 జూన్

ఖాళీ గళ్ళు మూడేసి పక్కపక్కనే వస్తా ఉండాయి. ముందు అర్థం కాలా. తర్వాత ఛీ అనిపించింది, నవ్వూ వచ్చింది. బయటున్న మూడు రోజులు ముగ్గు ముట్టరు కదా! అందరి లెక్కా వాకిట్లోనే ఉండాది. మొగోళ్ళు తొక్కుకుంటా పోతా ఉండారు.

14 ఆగస్టు

కోకిలక్క వరసలో జూన్ తర్వాత ఒక్క ఖాళీ గడి లేదు.

పావం, రెండుసార్లు కడుపు పోయింది ఆమెకు. పోయినసారి మంగమ్మ ముందే వీధంతా చాటి, తర్వాత అనరాని మాటలంది. అందుకే ఈసారి దాస్తా ఉండాది. నాకెందుకు తెలియాల ఇది? సంతోషంగా ఉంది, భయంగా ఉంది.

18 ఆగస్టు

సార్ చార్ట్‌ని ఎగ్జిబిషన్‌కి తీసుకున్నాడు. పేర్లు తీసేసి ఇంటి నంబర్లు వేసినా. ఇంక ఎవురికి తెలుస్తాది?

23 ఆగస్టు, సాయంత్రం

అమ్మ వచ్చింది. చార్ట్ ముందర ఒక్క నిమిషం నిలబడింది, అంతే. ఏడో నంబర్ మీద వేలు పెట్టి, కోకిలకి రెండో నెలా అని మెల్లిగా అడిగింది. మా ఇంటి వరసకొచ్చి, జులైలో నువ్వు రెండుసార్లు బయటున్నావా, పని ఎగ్గొట్టినావా అనింది. మానం పోయింది!

రేపు వీధిలో ఆడోళ్ళంతా వస్తారంట, మంగమ్మతో సహా. చార్ట్ పీకేసినా. ఇదే బెస్ట్ వర్క్ అని సార్ అరిచినాడు. అందుకే పీకేసినా అన్నా.

24 ఆగస్టు

కోకిలక్కకి అంతా చెప్పేసినా. ఏడుస్తాదనుకున్నా. తిట్టను కూడా తిట్టలా. నీకు కనపడింది ఇంకొకరికి కనపడదా అని మాత్రం అడిగింది. నేరుగా పోయి అమ్మతో వంటింట్లో కూర్చునింది. నన్ను రానీలా. తర్వాత అమ్మ ఇల్లిల్లూ తిరిగొచ్చింది. నా చార్ట్ సంగతి చెప్పిందంట, కోకిలక్క సంగతి కాదంట.

25 ఆగస్టు, పొద్దున ఆరు

మిద్దెక్కి చూసినా. మా వాకిట్లో మంగమ్మ లావు గీత! మంగమ్మ వాకిట్లో ఎవురిదో. అన్నీ తారుమారు, ఇంక ఎవురి లెక్కా ఎవురికీ దొరకదు. కోకిలక్క వాకిలి ఒక్కటే ఖాళీ, నాకోసం మిగిల్చినట్టు.

అమ్మ ముగ్గు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకీ పొద్దు రెండో రోజు. అమ్మకి తెలుసు.

పోయి పెట్టొచ్చినా.