ఏడో నంబరు పత్తి

కంఠారియా,
1971 జనవరి 20.

చెల్లి జమకుకు అక్క రేవా ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ దగ్గు తగ్గింది. గేదె ఈనింది, పెయ్యదూడ. మీ ఇంట్లోనూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. మొదటిది, మన పత్తి పరిశోధన క్షేత్రంలో ఈ ఏటి తూకాలు. ఏడో నంబరు పొట్టి పత్తి వరుసకు నాలుగు కిలోలు కూడా కాయదు కదా. దాన్ని ఆరు రకాలతో కలిపితే, అయిదు జతల సంతానం పదకొండు కిలోలు దాటింది. తల్లికన్నా ఎక్కువ, తండ్రికన్నా ఎక్కువ. రెండేళ్ళ కిందట నీ చేతి జతలూ అంతే కాశాయి.

అప్పుడు క్షేత్రాధికారి దౌలత్‌రాయ్ సాహెబ్ అన్న మాట నువ్వు మరిచిపోయి ఉండవు. "గాడిదకు గుర్రప్పిల్ల పుడుతుందా? వేరే పుప్పొడి ఏదో అద్దారు." నిన్ను పనిలోంచి తీసేశాడు, నీ తూకాలు లెక్కలోంచి కొట్టేశాడు.

నువ్వు వెళ్ళాక వచ్చిన వానాకాలం ఏడో నంబరు పని నేనొక్కదాన్నే చేశాను; ఆ గింజల పంటే ఈ ఏడు తూచింది. మధ్యాహ్నం మొగ్గలోంచి కేసరాలను బొటనవేలి గోటితో గిల్లి, వేరే పుప్పొడి పడకుండా ఎర్రకాగితం తొడిగి, మర్నాటి పొద్దున పుప్పొడి అద్దాను. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నిన్న తూకం దగ్గర సాహెబ్ నా చేతులవంక చూసి, "రేవాబెన్, చెల్లెలి విద్య నీకూ అబ్బిందే!" అన్నాడు.

"ఇంటి విద్య సాహెబ్, ఎక్కడికి పోతుంది?" అంది పక్కనే తూకం పడుతున్న మణిబెన్. అందరూ నవ్వారు.

నేను ఏ పువ్వూ మార్చలేదు. అంటే నువ్వూ మార్చలేదు. ఆ పొట్టిదాని గుణమే అది. తను కాయదు, ఎవరితో కలిపినా సంతానం కాస్తుంది.

రెండోది, నీ మీద ఫిర్యాదు కాగితం రాసిందెవరని. మణి అయి ఉంటుందన్నావు. మణి కాదు, నేను. గాడిద మాట నేనూ నమ్మాను. చివరి పూతకు నువ్వు పుప్పొడి అద్దుతుంటే మూడు రోజులు చెట్ల చాటునుంచి నిన్ను కనిపెట్టి చూశాను. ఏమీ కనబడలేదు. అయినా సాహెబ్ గుచ్చి గుచ్చి అడిగితే, నీ ఒడిలో వేరే రకం పువ్వు చూశానని రాసి సంతకం పెట్టాను.

చూడలేదు జమకూ.

సోమవారం ఆ మాట సాహెబ్‌కు చెబుతాను. అప్పుడే నీ తూకాలు మళ్ళీ లెక్కలోకొస్తాయి. వేరువేరు చేతులు, ఒకటే ఫలితం అని తేలుతుంది. ఇప్పుడు అనుమానం నా మీదా ఉంది కనక నా నిజాయితీకి కూడా ఆ తూకాలే సాక్ష్యం, అదీ దాచను. నా పని ఉంటుందో పోతుందో తెలియదు. నీ పని మాత్రం అడుగుతాను.

బొటనవేలి గోరు తీసేసి ఉంటే మళ్ళీ పెంచుకో.

ఇట్లు,
నువ్వు ఇంకా అలా పిలిస్తే,
అక్క రేవా