కాయ పగల్లేదు

లక్ష్మీ,

ఇవాళ నీ సంవత్సరీకం. మన వంటింటి క్యాలెండర్ మీది బొమ్మ చూసి, "సముద్రంల గిన్ని గుట్టలు ఎట్ల నిలబడ్డయో, జర చూసి రావాలె" అంటుండేదానివే, థాయ్‌లాండ్‌లోని ఆ సున్నపురాయి దీవుల పార్కుకు పోయిన నెల వెళ్లొచ్చాను. కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై2కె పని ముగిసిందని మాదాపూర్‌లోని మా ఆఫీసు తీసుకెళ్లింది.

అక్కడ గులకరాయి కూడా తీయొద్దని గైడు పడవలోనే చెప్పాడు. దిగగానే మా మేనేజరు సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు.

"కొత్త చోటు కదండీ, కొట్టకపోతే ఎలాగండీ?"

మన మాదాపూర్ గుట్టల గట్టి రాయే అనుకుని, అలలు తినేసి పలచబడిన రాతి అంచు మీద బలంగా కొట్టాడు. కాయ పగల్లేదు, అంచు విరిగి పడింది. గైడు తల పట్టుకుంటే మావాళ్లు చప్పట్లు కొట్టారు. ముక్కల్ని ప్రసాదంలా పంచుకున్నారు. ఇప్పుడవి ఆఫీసు బల్లల మీద కాగితాలు ఎగిరిపోకుండా కూర్చున్నాయి.

నువ్వైతే "గీళ్లకు సిగ్గుశరం లేదా?" అని అక్కడే కడిగేసేదానివి. నేనేమో ఒక ముక్క కోసం చెయ్యి చాపాను.

నీకోసమని తెచ్చిన ఆ ముక్క ఇంకా పెట్టెలోనే, తువ్వాలులో చుట్టి ఉంది. నీ ఫోటో ముందు పెట్టడానికి ముఖం చెల్లడం లేదు.