ఈ ఏడు గడ్డి ఎందుకు తగ్గిందంటే

మీకు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఉన్నవాళ్ళం క్షేమం. వంతెన పని దగ్గర మీరు వేళకు తింటున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. అత్తయ్య మోకాలు నొప్పి ఎలా ఉందని అడిగారు. నొప్పి తగ్గలేదు, నోరూ తగ్గలేదు. నిన్న నేను అన్నం వదిలేస్తే, "నువ్వు పస్తుంటే ఆవులు పాలెక్కువ ఇస్తాయా?" అని ఎదురుగా కూర్చుని తినిపించింది. తరవాత తనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇక గడ్డి సంగతి. పోయిన ఏడు నూట ఎనభై మోపులు వచ్చిన పొలంలో ఈసారి తొంభై కూడా ఎందుకు రాలేదని అడిగారు. ఎరువు వేశాను. మీరు చెప్పినట్టే పశువుల ఎరువు ముందు, యూరియా తరవాత. పల్లం వైపు నీళ్ళు నిలవకుండా కాలువ తీయించాను. నేల తప్పేమీ లేదు. గడ్డి నడుమెత్తు లేచింది. కోత ఆలస్యమైంది, అంతే. కంకి తొంగిచూసేటప్పుడే కోయాలని నాకూ తెలుసు. అది ముదిరితే ఆకు రాలిపోయి కాడ మిగులుతుంది, మొదటి కోత వెనకబడితే రెండో కోతకు గడ్డి లేవదు.

కోత మిషనాయన నిర్లక్ష్యం చేశాడని, వచ్చే ఏడు మాన్పించి ఇంకొకరిని చూడమని రాశారు. మిషను పాడైందని అతనే మీకు కబురు పంపాడట కదా. అది అబద్ధం. మిషను బాగానే ఉంది. మనం తొందరాయన అని పేరు పెట్టిన మనిషి ఆలస్యం చేస్తాడా చెప్పండి?

అతను మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి, "అమ్మా, కంకి తలెత్తింది, రేపు మిషను దించనా?" అన్నాడు. ఇంకో వారం చూద్దామన్నాను. వారానికి మళ్ళీ వచ్చాడు. "ఇంకా ఆగితే ఆవులకు గడ్డి కాదమ్మా, పొయ్యిలోకి పుల్లలు మిగుల్తాయి" అన్నాడు. కసురుకున్నాను. మూడోసారీ వచ్చాడు. నేను గట్టు మీద నిలబడి ఎటు చూస్తున్నానో తనూ అటే చూశాడు. తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేను చూస్తున్నది మన చిన్నోడి దారిని. పనిచేసే టైర్ల షాపు నుంచి రోజూ పొలానికి అడ్డంపడి వచ్చేవాడు కదా. వాడి కాళ్ళ కింద గడ్డి పడుకుని, అవతలి గేటు నుంచి మన పెరటిదాకా సన్నగా గీత పడింది. మీరు వెళ్ళిపోయాక నాకు మిగిలింది అదే. మిషను దించితే పొలమంతా ఒకటే అయిపోతుంది. నా వల్ల కాలేదండీ.

చివరికి వానలు పట్టుకున్నాయి. అటూ ఇటూ గడ్డి వాలి కలిసిపోయింది. ఒక పొద్దున వెళ్ళి వెతికితే గీత కనబడలేదు. అప్పుడు కబురు పెట్టాను. తడిసిన గడ్డి, ముదిరిన గడ్డి. కోసి తిరగేస్తుంటే సగం నల్లబడింది. తొందరాయన మిషను పాడైందని చెప్పి తప్పు తన మీద వేసుకున్నాడు. అతన్ని మాన్పించకండి.

ఇంకొక మాట అడిగారు. మూడు ఉత్తరాల నుంచి అడుగుతున్నారు. అడ్డదారి ఉండగా చిన్నోడు ఆ రోజు పెద్దరోడ్డు మీదికి ఎందుకు వెళ్ళాడని. నాకేం తెలుసు అన్నట్టు మూడుసార్లూ దాటేశాను. నాకు తెలుసు.

ముందు రోజు సాయంత్రం నేను పెరట్లో ఉన్నాను. వాడు గడ్డి తొక్కుతూ వస్తుంటే ఒళ్ళు మండింది. "ఒరేయ్, నీ కాళ్ళ కింద నాలుగు మోపులు పోతున్నాయిరా! రోడ్డు మీదుగా వస్తే కాళ్ళు అరిగిపోతాయా?" అన్నాను. వాడు నవ్వాడు. రెండు చేతులూ జోడించి, "సరే మహాతల్లీ, రేపట్నుంచి నీ గడ్డి జోలికి రాను" అన్నాడు. ఎప్పుడూ నా మాట వినని వాడు ఆ ఒక్కటీ విన్నాడు. మర్నాడు రోడ్డు మీదుగా బయల్దేరాడు. లారీ ఎదురొచ్చింది.

నాలుగు మోపులండీ. అవి ఒక ఆవుకు నెలరోజులు కూడా రావు.

మీరు వాణ్ణి ఎత్తుకుని వచ్చినప్పుడు చెప్పాలనుకున్నాను. మీ మొహం చూసి చెప్పలేకపోయాను. మీరు వెళ్ళేటప్పుడు బస్సు దగ్గరా చెప్పలేకపోయాను. ఈ పాపం ఇంకొకడి మెడకు చుట్టుకుంటుంటే ఇక ఊరుకోలేకపోతున్నాను.

దీనికి జవాబు రాయండి. తిట్టాలంటే తిట్టండి, నీ మొహం చూడనన్నా రాయండి, చదువుకుంటాను. రాయకుండా మాత్రం ఉండకండి.

ఇట్లు,
మన చిన్నోడి అమ్మ