సాంచాలు ఆగిన దీపావళి

18 అక్టోబర్, ధన్‌తేరస్

నిన్నటితో సాంచాలు, అదే మరమగ్గాలు, బంద్. మళ్లీ దీపావళి దాటి లాభ్ పాంచమ్‌కే మొదలు. సూరత్ గోడాదరాలో మా గల్లీ అంతా కింద సాంచాలు, పైన కిరాయి గదులు. ఏడాది పొడుగునా కాళ్ల కింద నేల వణుకుతూనే ఉంటుంది, సగం మాటలు చేతులతోనే చెప్పుకుంటాం. ఇవాళ పక్క బిల్డింగులో కుక్కర్ విజిల్ కూడా వినబడింది.

నాకూ చేతిలో పని లేదు. చీరలకు స్టోన్లు అంటించమని ఇచ్చే సేఠ్ రాజస్థాన్ పోయాడు. నెట్ ప్యాక్ మాత్రం ఫుల్. పొద్దున్నుంచి ‘సూరత్ మనోళ్లు’ గ్రూపులో పెడుతూనే ఉన్నాను. ఒక తెల్లాయన మంచుతో బర్రెను చేసి కింద కూర్చుని పాలు పిండుతున్నాడు. ఒక పిల్లి హార్మోనియం మీద నడిచి తానే భయపడింది. ఇంకొకటి పది గంటల వాన. వాన తప్ప ఏమీ లేదు, లక్షల మంది చూశారు. వీళ్లకు పనీపాటా లేదా.

చివర్లో రంగోలి వీడియో. ఎవరో మెల్లగా నెమలిని వేస్తూ ఉంటారు. కన్ను పెట్టే టైముకు దయ్యం మొహం వచ్చి కీసుమని అరుస్తుంది. కింద రాశాను, నెమలి కన్ను దగ్గర బాగా చూడండి అని.

సాయంత్రం

ఒకాయన ఫోన్ పప్పుగిన్నెలో పడేసుకున్నాడట. పండగ బాగా మొదలైంది.

19 అక్టోబర్

బాగా మొదలవలేదు.

గోడ అవతల గదిలో కరుణ ఉంటుంది. ఐదు నెలల పాప. నిన్న పాలిస్తూ ఆ వీడియో చూసిందట. పాప అదిరిపడి ఏడుపు అందుకుంది. అప్పటి నుంచి కునుకు తీస్తే ఒట్టు, కన్ను మూసినట్టే మూసి లేస్తోంది.

కరుణ అత్త నర్సవ్వ గడపలోకి వచ్చి నిలబడి, తల నెరిసినా నీకు కోతి షేష్టలు పోలేదేందే ప్రమీలా, పసిపిల్ల గుండె పల్గుతుండె గదనే అన్నది. తల నెరవలేదని అనబోయాను. రంగు వేసుకుని వారమే అయింది. కానీ అవతల ఏడుపు వినబడింది.

కరుణ మొగుడు పరమేశ్ గ్రూపుకు అడ్మిన్. నన్ను తీసేశాడు. కరుణ బ్లాక్ చేసింది.

20 అక్టోబర్, దీపావళి

గల్లీలో పటాకులు పేలినంతసేపూ పాప ఊరుకుంది. అవి అయిపోగానే మళ్లీ ఏడుపు.

21 అక్టోబర్

డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. చెవులు బాగున్నాయి, కడుపు బాగుంది, చుక్కల మందు రాశాడు. పాప పాలు రెండు గుక్కలు తాగి వదిలేస్తోందట. నర్సవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. ఘాటుకు మా ఇద్దరి గదులూ దగ్గాయి.

మెట్ల మీద కరుణ ఎదురైంది. తిట్టలేదు. నన్ను చూడనట్టు పక్కకు జరిగి పోయింది. ఆ పిల్ల తిట్టినా బాగుండేది. పాప మొహం ఇంతైపోయింది.

దానికేమన్నా అయితే నేనీ గల్లీలో ఎట్లా ఉంటాను. గల్లీ సంగతి తర్వాత. అసలు ఎట్లా ఉంటాను.

ఇవాళ ఒక్క వీడియో చూడలేదు.

22 అక్టోబర్, గుజరాతీల కొత్త సంవత్సరం, పొద్దున

మా ఆయన సదానందానికీ నిద్ర లేదు. చిన్నప్పటి నుంచి సాంచాల మీదే ఉన్న మనిషి, చెవులు సగం పోయాయి. పొద్దున్నే లేచి, చెవులల్ల ఏందో తక్కువైనట్టున్నదే, జర ఆ మిక్సీ అన్నా తిప్పరాదు, పంటా అన్నాడు.

నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

పాప కడుపులో ఉన్నప్పుడు సాంచాల చప్పుడు. పుట్టినాక అదే చప్పుడు. పటాకులు పేలినప్పుడు ఊరుకుంది. దయ్యం ఒక నిమిషం భయపెట్టిందేమో, మిగతా భయమంతా చప్పుడు లేక.

వాన పెట్టినవాడున్నాడు, సాంచాలు పెట్టినవాడు ఉండడా అని వెతికాను. ఉన్నాడు. మాలేగాం నుంచి ఎవడో పది గంటలు పవర్‌లూమ్ నడిచే వీడియో పెట్టాడు. చూసినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. మధ్యమధ్యలో ఎవరో మగమనిషి దగ్గుతాడు. ఎందుకు పెట్టాడో తెలియదు. నాలాంటి పిచ్చోడే.

కరుణకు పంపిద్దామంటే బ్లాక్. తలుపు కొట్టాను. నర్సవ్వ నా చేతిలో ఫోన్ చూసి, మల్ల ఏ దయ్యాన్ని పట్కొచ్చినవ్ అని తలుపు మూసింది. నేనైనా మూసేదాన్నే.

మా రెండు గదుల మధ్య గోడ పైన రేకుల దాకా పోదు, జానెడు సందు ఉంటుంది. స్టూల్ ఎక్కి, నవరాత్రులకు కొన్న స్పీకర్‌ను ఫోన్‌కు కలిపి ఆ సందులో పెట్టాను. ఫుల్ సౌండ్.

మధ్యాహ్నం

ఏడుపు తగ్గింది. వెక్కిళ్లు. ఆ తర్వాత అవీ లేవు. ఇటు సదానందం కూర్చున్నచోటే గురక.

అంతలో పరమేశ్ బయటికి ఉరికాడు. పండుగ పూట నన్ను పిల్వకుంట సాంచాలెట్ల నడుపుతుండ్రు, నా సాంచ మీద ఎవన్ని నిలబెట్టిండ్రు అనుకుంటూ మెట్లు దిగాడు. ఖాతాకు, అంటే కింది సాంచాల షెడ్డుకు, తాళం వేసి ఉంది. తాళం లాగి చూశాడు. షట్టర్‌కు చెవి పెట్టాడు. తల పైకెత్తాడు, మళ్లీ చెవి పెట్టాడు. నేను పైనుంచి చీర కొంగు నోట్లో కుక్కుకుని చూశాను. సూరత్‌లో ఇంత మంచి వీడియో నేనింతవరకు చూడలేదు, తీయలేదు కూడా.

పైకి వచ్చి స్పీకర్ చూశాడు. పాప లేస్తుందని అరవలేక చేతులతో తిట్టాడు, సాంచాల దగ్గర మనవాళ్లు తిట్టుకున్నట్టే. నేనూ చేతులతోనే జవాబిచ్చాను. వెనక కరుణ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి మెలితిప్పింది. తెగిన దారం అతికింది, నడిపించు అని దాని అర్థం.

గదిలోకి వచ్చి మళ్లీ స్టూల్ ఎక్కి స్పీకర్‌కు చార్జర్ పెట్టాను.

24 అక్టోబర్

పాప పాలు తాగుతోంది. నన్ను గ్రూపులో మళ్లీ వేశారు. పరమేశ్ ఒక షరతు పెట్టాడు, అక్క ఏది పంపినా ముందుగాల సదానందమన్న సూసి ఓకే అనాలె అని. సదానందానికి సౌండ్ వినబడదు. అన్నింటికీ ఓకే అంటున్నాడు.

26 అక్టోబర్, లాభ్ పాంచమ్

సాంచాలు మొదలయ్యాయి. స్పీకర్ దించేశాను. పాప పడుకోలేదు. సందు వైపు చూస్తోందట. మాలేగాం మనిషి దగ్గు లేదు కదా.

నర్సవ్వ గోడ కొట్టింది. స్టూల్ ఎక్కి మగగొంతుతో దగ్గాను. పాప పడుకుంది.

ఇంకోసారి దగ్గాను. అది నర్సవ్వకు, నా కోతి షేష్టలు పోలేదని.