కాలువ దాటిన అడవి బాతులు

రాజవ్వా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ తమ్ముడు సాయిలు మాత్రం మారలేదు. గట్టు తగాదాలో ఓడిపోయిన కసితో నా మీద అటవీశాఖకు ఫిర్యాదు చేశాడు.

కోత మిషన్ కింద నలగబోయిన అడవి బాతు గుడ్లను, నువ్వు చేసినట్టే, తెచ్చి పొదిగే కోడి కింద పెట్టాను. పిల్లలయ్యాయి. పిల్లులకు భయపడి దొడ్లో వల కట్టి పెంచాను. అడవి పక్షిని పెంచడమే కాదు, దాని గుడ్డు తీయడమూ నేరమేనట. ఇన్ని పుస్తకాలు చదివాను గానీ ఆ చట్టం ఫిర్యాదు తర్వాతే చదివాను. కేసుకు భయపడలేదు. వాటిని పట్టుకుపోయి బోనులో పెడతారేమోనని భయపడ్డాను.

నిన్న ఆఫీసరు వచ్చాడు. సాయిలు వెనకే నిలబడ్డాడు.

"రెక్కలు కత్తిరించిండు సార్, జూడుండ్రి."

"వల దీయి తాతా," అన్నాడు ఆఫీసరు.

తీశాను. బాతులు ఒక్కసారిగా లేచి, చెరుకు తోట మీదుగా కాలువ దాటి వెళ్లిపోయాయి.

"మంచిగనే ఎగురుతున్నయ్ గదా! ఇగ కేసెందుకు? ఇంకోసారి గుడ్లు ముట్టకు తాతా, మాకు ఫోన్ చెయ్."

"పొద్దుమీకి, చీకటిగాంగనే మళ్ల వస్తయ్ సార్!" అన్నాడు సాయిలు.

"అయితే నువ్వే కావలుండు."

సాయిలు ముఖం నువ్వు చూడాల్సింది.

కోడి మాత్రం చీకటిపడేదాకా కాలువ గట్టున పిల్లల్ని పిలుస్తూ తిరిగింది. చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అది గంప కింద, నేను మంచం మీద పడుకున్నాం. నువ్వు పోయాక కంటినిండా నిద్రపోయింది నిన్ననే.

నీ నర్సింలు