కాటా ముందు పద్నాలుగు నిమిషాలు

నిజామాబాద్,
9 ఫిబ్రవరి 2026.

గౌరవనీయులైన సుధారాణి అక్కకు సవిత నమస్కరించి రాస్తున్నది.

పుణెలో నువ్వు ఆరోగ్యంగా ఉన్నావనీ, బోధన్ పక్క మీ క్యాంపు ఊళ్లో మీ నాన్న చెన్నకేశవరావు బాబాయి, మీ అమ్మ రాధాకుమారి పిన్ని కులాసాగా ఉన్నారనీ తలుస్తాను. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. తమ్ముడు మహేందర్ బాగా లేడు. "మీరు" అని మొదలుపెడదామనుకున్నాను కానీ, కాలేజీ నుంచి పదేళ్లుగా నిన్ను నువ్వన్న నోరు తిరగలేదు. నువ్వనే రాస్తాను. కోపం మాత్రం తగ్గించి రాయను.

ఫోన్ చేస్తే ఎత్తవు. మెయిల్ పెడితే మన ఆఫీసు వకీలు జవాబిస్తాడు, అదీ నా పేరు రాయకుండా "సంబంధితులకు" అట. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోవాలి కదా, అప్పుడైనా కవరు మీద నా పేరు చూస్తావు.

ముందు కబురు విను. జనవరి ఇరవై ఒకటిన చెరుకు ఫ్యాక్టరీ కాటా ముందు, మా చెరుకు రైతు లింబయ్య కాక కరెంటు ట్రాక్టర్ కాలిపోయింది. నడిపేది మహేందరే. కాటా ఎక్కే ఎత్తు మీద, ముందున్న ట్రాలీ తూకం తేలక, వీడి బండి ఆగింది. కాసేపటికి సీటు కింద పెట్టెలోంచి పొగ లేచింది. దూకి పారిపోతే సరిపోయేది. వెనక వరుసలో పదిహేను ట్రాలీలు, వాటి మీద మనుషులు. ఉత్త చేతులతో ఆ పెట్టె మూత తీసి మెయిన్ ప్లగ్గు గుంజేశాడు. ట్రాలీ నాలుగడుగులు వెనక్కి జారి, ఎవరో వేసిన రాయికి తట్టి నిలబడింది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. వీడి రెండు అరచేతులూ కాలిపోయాయి. వేళ్లు మళ్లీ వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టర్. ఇరవై ఆరేళ్లవాడు అక్కా. స్టీరింగ్ పట్టుకుని బతికేవాడు.

ఆ పెట్టె ఏమిటో నీకు చెప్పాలా? మోటారుకు కరెంటు ఎంత పోవాలో చూసుకునే కంట్రోలర్. మన కన్సల్టింగ్ ఆఫీసు తరఫున దాన్ని పరీక్ష చేసింది నేను. చేయించింది నువ్వు. మహేందర్ ఆ బండి ఎక్కిందే "మా అక్క పాస్ చేసిన బండి" అని కాటా దగ్గర నలుగురికీ చెప్పుకోవడానికి.

పోయిన ఏడాది జనవరిలో నువ్వేమన్నావు? పుణె ల్యాబులో నున్నటి రోడ్డు మీద బండి పాసైపోయింది, ఇక చెరుకు సీజన్లో ఎలా నడుస్తుందో చూసి రావాలి, అది మన ఊరి పిల్లకే చేతనవుతుంది అన్నావు. మీ ఇంట్లోనే ఉంచావు. పిన్ని పొద్దున్నే పెసరట్టు పెట్టి పంపేది. నిజాంసాగర్ కాలువ గట్ల మీద మూడు నెలలు ట్రాలీల వెంట తిరిగాను. మూడో వారంలో నీకు ఫోన్ చేశాను.

మనవాళ్ల చెరుకు ట్రాలీలకు బ్రేకులుండవు. నిండు బరువుతో ఎత్తు మీద ఆగితే ట్రాక్టర్ బ్రేకు ఒక్కటీ చాలదు, జారుతుంది. అందుకని డీజిల్ బండిలో డ్రైవర్లు క్లచ్ సగం వదిలి, రేస్ మీద బండిని పట్టి నిలబెడతారు. చేతికి, కాలికి పట్టిన అలవాటది. కరెంటు బండిలోనూ రేస్ తొక్కి అదే చేశారు. బండి కదలదు, కరెంటు మాత్రం పోతూనే ఉంటుంది. తిరగని మోటారులో ఆ కరెంటంతా ఒకే చోట పడి కంట్రోలర్‌ను కాలుస్తుంది. లింబయ్య కాకను అడిగితే, "బండి గట్ల పట్టకుంటె ఎనకకు వోతది బిడ్డా, ఎనకున్నోడు సస్తడు" అన్నాడు. ఆ రోజు ఒక డ్రైవరు పద్నాలుగు నిమిషాలు అలా పట్టాడు. నా మీటరు నూట పద్దెనిమిది డిగ్రీలు చూపింది. ట్రాక్టర్ కంపెనీ పెట్టుకున్న హద్దు ఎనభై అయిదు. "ఇంక జరసేపైతే అంటుకుంటుండె అక్కా" అని నేను అరిస్తే, ల్యాబులో కూర్చున్న ఏ మగమహారాజుకూ దొరకనిది నీకు దొరికిందే సవితా అని నువ్వు నాకన్నా గట్టిగా అరిచావు. అబ్బ, ఎంత పొంగిపోయాను!

ఇప్పుడు నీ రిపోర్టు ముప్పై ఒకటో పేజీ తీసి చూడు. అదే తేదీ, అదే బండి, అదే కాటా. వేడి డెబ్బై ఎనిమిది డిగ్రీలు. పద్నాలుగు నిమిషాలు గల్లంతు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: ఎత్తు మీద రేస్‌తో బండిని నిలపడం డ్రైవర్ల దుర్వినియోగం కనుక పరిగణించలేదు. ఆ కింద పరీక్షించిన ఇంజనీరుగా నా సంతకం.

కంపెనీ మనిషి ఆసుపత్రికి పళ్లు పట్టుకుని వచ్చి ఆ పేజీని మహేందర్ మంచం మీద పెట్టాడు. తప్పు నీదేనయ్యా, ఇదిగో మీ అక్కే రాసింది అన్నాడు. చేతులకు కట్లు, కాగితం పట్టుకోలేడు, మెడ వంచి చదివాడు. "అక్కా, గిది నీకు ముందుగాల ఎర్కనా?" అని అడిగాడు. లేదన్నాను.

నా సంతకం నీ దగ్గరికెలా వచ్చిందో నువ్వు మరిచిపోయినా నేను మరవలేదు. ఊళ్లు తిరుగుతుంటే రిపోర్టులు ఆలస్యమవుతున్నాయని, నా డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ పాస్‌వర్డ్‌తో సహా నీ డ్రాయర్‌లో పెట్టి వచ్చాను. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. చుట్టిన లెక్క రాసే తన బీడీ పాస్‌బుక్కు ఏనాడూ తన దగ్గర లేదు, పని ఇచ్చే టేకేదారు రామ్‌దాస్ దగ్గరే ఉండేది. ఆయన ఏం రాస్తే అదే. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను ఆమె మీద పడి అరిచేదాన్ని, నీ బుక్కు నీ దగ్గర పెట్టుకోవేమని. మొన్న సంగతంతా విన్నాక ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నన్ను అన్ని మాటలంటివి గదనే. రామ్‌దాస్ పరాయోడు. నువ్వు అక్క అనుకున్నదాని చేతుల వెడితివి" అంది.

ఎంత నమ్మాను నిన్ను! హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కొలువు చేతిలో ఉంటే వద్దన్నది నువ్వు. మోటారు చదివి మోటారు ముట్టుకోకపోతే ఆ చదువెందుకే అన్నావు. ల్యాబులో అయిదేళ్లు చేసి నువ్వు కన్సల్టింగ్‌కు మారినప్పుడు నేను బాధపడ్డాను. దానికి నువ్వు, అక్కడ అయిదేళ్లకు నా పేరు ఒక పేటెంటు కాగితంలో నాలుగో వరసలో పడింది, ఇక్కడైతే కంపెనీ బండి బయటికి తీయాలంటే నా మాట కోసం ఆగుతుంది, ఆ మాట మన రైతుకు పనికొచ్చేలా చెబుతాను అన్నావు. మరి చెప్పవలసిన రోజు వచ్చినప్పుడు ఏమైంది? బ్రేకు పెట్టించమని, లేదా వేడెక్కితే కరెంటు తగ్గే ఏర్పాటు చేయమని రాస్తే బండి ఇంకో సీజను ఆగేది. అంతే కదా? ఆ ఒక్క సీజను కోసం నా పేరు మీద అబద్ధం రాసి, నా తమ్ముణ్ని ఆ సీటు మీద కూర్చోబెట్టావు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. కడుపు మండిపోతోంది అక్కా.

ఇంకా ఇరవై రెండు బండ్లు అదే ఎత్తు మీద నిలబడుతున్నాయి. సీజను మార్చి దాకా ఉంది. మీ క్యాంపులో ఎదురింటి వేణు కూడా ఒకటి తీసుకున్నాడు, నీకు తెలుసు. నా కోసం వద్దు, మహేందర్ కోసం వద్దు. ఈ ఉత్తరం అందిన రోజే అసలు కొలతలు కంపెనీకి పంపు. తప్పయిందని రాయి. నీ నోటితో చెప్తేనే వాళ్లు వింటారు, నీ మాట కోసమే కదా ఆగేది.

బాబాయికి, పిన్నికి నా నమస్కారాలు. వాళ్లకు నేనేమీ చెప్పలేదు.

ఇట్లు,
నిన్ను అక్కా అని పిలవడం ఇంకా మానలేని
సవిత

తా.క. (11 ఫిబ్రవరి)

రెండు రోజులుగా ఈ కవరు నా బ్యాగులోనే ఉంది. పోస్టాఫీసు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఎందుకో నీకు తెలుసు.

రిపోర్టు కంపెనీకి పోయే ముందు, జూన్ పన్నెండు మధ్యాహ్నం, నాకూ పంపావు. బస్సులో ఫోన్‌లో తెరిచాను. ముప్పై ఒకటో పేజీ చదివాను. డెబ్బై ఎనిమిది చూశాను. గంట తర్వాత నా ఉద్యోగం పర్మనెంట్ చేసిన కాగితం వచ్చింది. రేపు అడుగుదాంలే అనుకున్నాను. నీకు "థాంక్స్ అక్కా" అని దండం బొమ్మ పెట్టాను. ఆ రేపు ఎనిమిది నెలలు రాలేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని రాశాను కానీ, తమ్ముడి చేతులు కాలిన మర్నాడే, నీకూ తెలుసు కదా అన్నట్టు, ఆ మెసేజ్ ఫొటో తీసి నాకే తిరిగి పంపావని రాయలేదు.

నిన్న పొద్దున అసలు కొలతలు, నేను చూసి ఊరుకున్న సంగతి, రెండూ నా పేరుతోనే కంపెనీకి, ఫ్యాక్టరీ మేనేజరుకు పంపాను. ఆ ఇరవై రెండు బండ్లను ఇప్పుడు ఎత్తు ఎక్కనివ్వడం లేదు, ట్రాలీలను డీజిల్ బండ్లు లాగుతున్నాయి. నా ఉద్యోగం ఉండదు. నీది నువ్వు చూసుకో.

ఇవాళ మధ్యాహ్నం మహేందర్ పక్కన కూర్చుని ఈ ఉత్తరం మొదటి నుంచి, ఇదిగో ఇక్కడి దాకా, చదివి వినిపించాను. ఇన్ని రోజులూ వాడికి రెండు పూటలా అన్నం కలిపి తినిపించేది నేనే. కంచం తెచ్చి ముద్ద కలుపుతుంటే మొహం గోడ వైపు తిప్పుకుని, "అవ్వా, నువ్వు వచ్చి పెట్టు" అని అమ్మను పిలిచాడు.